20 కిలోల గీత: గంజాయి, డ్రగ్స్ కేసుల్లో శిక్ష ఎలా తేలుతుంది

గంజాయి పట్టివేత వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో దాదాపు రోజూ కనిపిస్తుంది. బల్ల మీద పేర్చిన ప్యాకెట్లు, పక్కన ముసుగులు వేసిన ఇద్దరు కుర్రాళ్లు, వెనక వరుసలో పోలీసులు. ‘ఇద్దరి అరెస్టు, ఒకరు పరారీ’ అని వార్త ముగుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఒకరికి నెల తిరక్కుండానే బెయిల్ వచ్చిందని, ఇంకొకరు రెండేళ్లయినా జైల్లోనే ఉన్నారని వింటాం. డబ్బున్నవాడు బయటపడ్డాడు, లేనివాడు ఇరుక్కున్నాడు అని ఊళ్లో అనుకుంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఈ తేడాలో పెద్ద భాగం చట్టంలోనే రాసి ఉంది. అదీ గ్రాముల్లో, కిలోల్లో.

క్లుప్తంగా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డ్రగ్స్ అమ్మకానికి శిక్ష పడేది 1985 నాటి కేంద్ర చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల) చట్టం కింద. అమ్మడం, కొనడం, మోయడం, దాచడం అన్నింటికీ ఆ చట్టం ఒకే శిక్ష పెట్టింది. శిక్ష మారేది తూకాన్ని బట్టి. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఆ గీత దాటాక బెయిల్ కూడా చాలా కష్టం. రాష్ట్రాలకు సొంతంగా ఉన్న ఆయుధం పీడీ యాక్ట్. అది శిక్ష కాదు, ముందస్తు నిర్బంధం. సరుకు మోసేవాడి మీద కేసు నిలబెట్టడం ఈ చట్టంలో సులువు, డబ్బు పెట్టినవాడి దాకా వెళ్లడం కష్టం. చిక్కంతా అక్కడే ఉంది.

రాష్ట్రం చట్టమా, కేంద్రం చట్టమా

మద్యానికి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఎక్సైజ్ చట్టం ఉంది. ఒక రాష్ట్రం నిషేధిస్తుంది, పక్క రాష్ట్రం దుకాణాలు తెరుస్తుంది. గంజాయి కూడా ఇలాగే రాష్ట్రం చేతిలో ఉందని చాలామంది అనుకుంటారు. కేసులు పెట్టేది రాష్ట్ర పోలీసులు, ఎక్సైజ్ సిబ్బంది కావడం ఈ పొరపాటుకు ఒక కారణం. రాజ్యాంగంలో ‘డ్రగ్స్, విషాలు’ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఆ అధికారంతో పార్లమెంటు చేసిన చట్టం 1985 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు బ్రిటిష్ కాలపు నల్లమందు చట్టాలు, 1930 నాటి ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం ఉండేవి. గంజాయి విషయంలో రాష్ట్రాలు తమ తమ నియమాలతో నడిచేవి. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వైద్యేతర గంజాయి వాడకాన్ని 25 ఏళ్లలో ఆపాలి. ఆ గడువు దగ్గరపడుతున్న సమయంలో వచ్చిన చట్టం ఇది.

కాబట్టి పాడేరులో పట్టుబడినా, పంజాబ్‌లో పట్టుబడినా సెక్షన్లు అవే, శిక్షలు అవే. మారేది అమలు. ఆంధ్రప్రదేశ్ 2024 చివర్లో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టింది. తెలంగాణలో యాంటీ నార్కోటిక్స్ బ్యూరోగా ఉన్న విభాగాన్ని 2025లో ఈగల్ అనే పేరుతోనే పునర్వ్యవస్థీకరించారు. ఎవరిని ఆపాలి, ఏ దారి మీద కాపు కాయాలి, ఏ కేసును ఎంత లోతుగా దర్యాప్తు చేయాలి అన్నవి రాష్ట్రం చేతిలో ఉన్నాయి. ఎన్నేళ్ల జైలు అన్నది రాష్ట్రం చేతిలో లేదు.

అమ్మినా, మోసినా, దాచినా ఒకటే

మన వాడుకలో ‘డ్రగ్స్ అమ్మేవాడు’, ‘తాగేవాడు’, ‘మోసేవాడు’ వేర్వేరు మనుషులు. చట్టంలోని 20వ సెక్షన్ ఇలా విడదీయదు. గంజాయిని తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, రవాణా చేయడం, రాష్ట్రాలు దాటించడం, వాడడం, ఈ క్రియాపదాలన్నీ ఒకే వాక్యంలో వరుసగా ఉంటాయి. వాటి కింద శిక్ష మూడు మెట్లుగా ఉంటుంది. ఏ మెట్టు అన్నది తూకం చెబుతుంది.

గంజాయి కిలో కంటే తక్కువుంటే అది ‘స్వల్ప పరిమాణం’. ఏడాది వరకు కఠిన కారాగారం, 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల దాకా మధ్య మెట్టు. పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇక్కడ ‘వరకు’ అన్న మాటే ముఖ్యం. కనీస శిక్ష లేదు కాబట్టి జడ్జి మనిషిని చూసి రెండేళ్లు వేయొచ్చు, ఎనిమిదేళ్లూ వేయొచ్చు. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. పదేళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా. కారణాలు రాసి అంతకంటే ఎక్కువ జరిమానా కూడా వేయొచ్చు. నేరం రుజువైతే ఇక్కడ జడ్జి చేతులు కట్టేసినట్టే. తొలి తప్పు అయినా, మోసినందుకు 2 వేలే కూలి వచ్చినా పదేళ్ల కంటే తగ్గించే వీలు లేదు.

గీత దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. చట్టం నిర్వచనంలో స్వల్ప పరిమాణం అంటే పేర్కొన్న తూకం కంటే తక్కువ. వాణిజ్య పరిమాణం అంటే పేర్కొన్న తూకం కంటే ఎక్కువ. సరిగ్గా 20 కిలోలు ఉంటే అది మధ్య మెట్టే. 20 కిలోల 100 గ్రాములైతే పై మెట్టు. ఆ వంద గ్రాములు ఒక మనిషి జీవితంలో కనీసం పదేళ్లు. అందుకే తూకం వేసే ఆ అరగంట మీద కోర్టుల్లో ఇన్ని వాదనలు నడుస్తాయి.

ఈ మెట్లు మొదటి నుంచీ లేవు. 1985 చట్టంలో గంజాయికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లే. హెరాయిన్, చరస్ (గంజాయి మొక్క నుంచి తీసే జిగురు) లాంటి వాటికి మాత్రం కొద్దిగా దొరికినా కనీసం పదేళ్లు. పొట్లం దొరికినవాడు, క్వింటాలు దొరికినవాడు ఒకే శిక్ష అనుభవించడం అన్యాయమనే విమర్శతో 2001లో సవరణ చేసి తూకం మెట్లు తెచ్చారు. సవరణ ఉద్దేశం చిన్నవాళ్లకు ఊరట ఇవ్వడం. హెరాయిన్ విషయంలో అదే జరిగింది. గంజాయి విషయంలో మాత్రం 20 కిలోలు దాటినవాడికి ఐదేళ్ల గరిష్ఠం పోయి పదేళ్ల కనిష్ఠం వచ్చింది. ఏజెన్సీ గంజాయి కేసుల్లో ఇప్పుడు కనిపిస్తున్న పదేళ్ల కనీస శిక్ష ఆ సవరణ నుంచి వచ్చిందే. 1985 చట్టం ఇంత కఠినంగా లేదు.

గ్రాముల లెక్క

గంజాయి కిలోల్లో ఉంటే మిగతావి గ్రాముల్లో ఉంటాయి. వాణిజ్య పరిమాణం హెరాయిన్‌కు 250 గ్రాములు, కొకైన్‌కు 100 గ్రాములు, మెథాంఫెటమిన్‌కు 50 గ్రాములు, హైదరాబాద్ పబ్‌ల కేసుల్లో తరచూ వినిపించే ఎండీఎంఏకు 10 గ్రాములు, ఎల్‌ఎస్‌డీకి గ్రాములో పదో వంతు. ఎండీఎంఏ అర గ్రాము చేరితే చాలు, స్వల్ప పరిమాణం దాటినట్టే. ‘కొంచెమే కదా’ అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ఏజెన్సీ సరుకులో ఇంకో మెట్టు ఉంది. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్‌ను చట్టం చరస్ కింద లెక్కిస్తుంది. చరస్‌కు స్వల్ప పరిమాణం 100 గ్రాములు, వాణిజ్య పరిమాణం కిలో. చిన్న చిన్న సీసాల్లో నగరానికి వచ్చే ఈ నూనె కిలో దాటితే 20 కిలోలు దాటిన గంజాయితో సమానం. బరువు తగ్గితే తీసుకెళ్లడం సులువని నూనె చేస్తారు. చట్టం గీత కూడా అంతే కిందికి దిగుతుంది.

తెలంగాణకు ప్రత్యేకంగా తగిలేది అల్ప్రాజోలం. నిద్రమాత్రల మందు ఇది. కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా దీన్నే. స్వల్ప పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. కల్లు కాంపౌండ్‌కు కిలో ప్యాకెట్ చేరవేసే మనిషి ఎక్సైజ్ కేసే కదా అనుకోవచ్చు. చట్టం దృష్టిలో అతను పదేళ్ల నుంచి 20 ఏళ్ల శిక్ష పరిధిలో ఉన్నాడు.

ఇక గంజాయి చాక్లెట్లు. దొరికిన పదార్థంలో అసలు మత్తుమందు కొంతే ఉండి, మిగతాది పంచదారో పిండో అయితే ఏ బరువు లెక్క? 2008లో సుప్రీంకోర్టు అసలు మత్తుమందు బరువే లెక్క అంది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువు చూడాలని చెప్పింది. ఐదు గ్రాముల చాక్లెట్లు 200 ఉంటే కిలో. అందులో గంజాయి ఎంత అన్న లెక్క లేకుండానే కేసు మధ్య మెట్టెక్కుతుంది. అయితే అది గంజాయా, ఉత్త ఆకుతో చేసిన భంగా అన్నది ఫోరెన్సిక్ ల్యాబ్ తేల్చాలి. ఎందుకంటే చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగం. పూత లేకుండా ఉత్త ఆకులు, గింజలు ఉంటే అవి ఆ నిర్వచనంలోకి రావు. పూతతో పాటు ఉంటే వస్తాయి. ఈ ఒక్క వాక్యం మీద బెయిల్ పిటిషన్లు చాలా నడిచాయి.

రోడ్డు మీద ఏం జరుగుతుంది

ఒక కేసు ఊహించుకుందాం. చింతపల్లి వైపు నుంచి నర్సీపట్నం మీదుగా హైవే ఎక్కబోతున్న కారు. రాత్రి పదకొండు. డిక్కీలో బ్రౌన్ టేపు చుట్టిన రెండు కిలోల ప్యాకెట్లు 11. కారు నడిపేవాడు ఒకడు, పక్క సీట్లో దారి తెలిసిన కుర్రాడు ఒకడు. ముందు బైకు మీద పైలటింగ్ చేస్తున్నవాడు, అంటే దారిలో పోలీసులున్నారో లేదో చూసి చెప్పేవాడు, పోలీసుల్ని చూసి వెళ్లిపోయాడు. తూకం 22 కిలోలు.

ఇప్పుడు ఎస్సై చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. ముందే సమాచారం అందితే దాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. మనిషి ఒంటిని సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలి. 50వ సెక్షన్ చెప్పే ఈ హక్కు ఒంటి మీది సోదాకే వర్తిస్తుందనీ, బ్యాగుకో డిక్కీకో వర్తించదనీ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మధ్యవర్తుల్ని పిలవాలి. మన జిల్లాల్లో అది ఎక్కువగా వీఆర్వోలే. వాళ్ల ముందు పంచనామా రాయాలి. కాటా తేవాలి. ప్యాకెట్ బరువు, కవర్ తీసిన బరువు వేరువేరుగా రాయాలి. ఈ 22 కిలోల్లో టేపు, కవర్ల బరువు పోతే 20 కిలోలు దాటుతుందా లేదా అన్నదే రేపు కోర్టులో మొదటి ప్రశ్న అవుతుంది. పచ్చిగా ఉన్న సరుకు స్టేషన్ గదిలో నెలలుంటే ఎండి బరువు తగ్గుతుంది. సీజ్ చేసిన రోజు 20 కిలోల 600 గ్రాములున్నది నమూనాల రోజు 19 కిలోల 800 ఉంటే ఆ తేడాకు దర్యాప్తు అధికారి బోనులో నిలబడి జవాబు చెప్పాలి.

నమూనాలు తీసే తంతుకు 52ఎ సెక్షన్ ఉంది. నమూనా మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2022 డిసెంబరులో కేంద్రం దీనికి కొత్త నియమాలు తెచ్చింది. ఈ నియమం పాటించడంలో లోపం ఉన్నంత మాత్రాన కేసు దానంతటదే కూలిపోదని ఆ తర్వాత 2025లో కోర్టే వివరించింది. మిగతా సాక్ష్యం గట్టిగా ఉండాలి మరి. ఒకప్పుడు అధికారి ముందు నిందితుడు 67వ సెక్షన్ కింద ఇచ్చిన వాంగ్మూలమే కేసుకు వెన్నెముక. 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ తీర్పు దాన్ని ఒప్పుకోలుగా వాడరాదని తేల్చింది. అంటే ‘పట్టుబడ్డవాడు ఫలానావాడి పేరు చెప్పాడు’ అన్నది మాత్రమే ఉంటే ఆ ఫలానావాడికి శిక్ష పడదు. ఫోన్ రికార్డులు, డబ్బు బదిలీలు, సాక్షులు కావాలి. ప్రజల హక్కుల కోణంలో ఇది సరైన తీర్పు. దర్యాప్తు బాగా చేయడం తప్ప వేరే దారి లేకుండా చేసింది.

ప్రొసీజర్ ఇంత కఠినంగా ఎందుకు ఉంది అంటే, చట్టం మిగతా చోట్ల నిందితుడి మీదే భారం వేసింది కాబట్టి. సరుకు ఒకరి దగ్గర దొరికిందని రుజువైతే, తెలిసే ఉంచుకున్నాడని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. మామూలు దొంగతనం కేసులో ఇలా ఉండదు.

శిక్షకు ముందే గడిచే కాలం

22 కిలోల కేసులో అసలు నొప్పి తీర్పు రోజున కాదు, రిమాండ్ రోజున మొదలవుతుంది. 37వ సెక్షన్ ప్రకారం వాణిజ్య పరిమాణం కేసులో బెయిల్ ఇవ్వాలంటే, ఈ మనిషి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికి వెళ్తే మళ్లీ నేరం చేయడనీ జడ్జి సంతృప్తి చెందాలి. విచారణ ఇంకా మొదలే కాలేదు, అప్పుడే నిర్దోషిలా కనిపించాలి. చార్జిషీట్‌కు గడువు కూడా మామూలు కేసుల్లోని 90 రోజులు కాదు, 180 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కారణాలు చూపితే ఏడాది దాకా పొడిగించవచ్చు. ఆలోపు చార్జిషీట్ రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు వస్తుంది. ‘పెద్ద కేసులో కూడా వదిలేశారు’ అని వినిపించే సందర్భాల్లో ఇదొకటి. అక్కడ తప్పు బెయిల్ ఇచ్చిన జడ్జిది కాదు, గడువులోగా పని పూర్తి చేయని యంత్రాంగానిది.

ఏళ్ల తరబడి విచారణ ముందుకు కదలకపోతే 37వ సెక్షన్ ఉన్నా బెయిల్ ఇవ్వవచ్చని 2023లో మహ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారి ఉంది గానీ, హైకోర్టు దాకా వెళ్లి వాదించుకునే స్తోమత ఉన్నవాళ్లకే అందుతుంది. జి.మాడుగుల కొండల్లోంచి వచ్చిన కూలీకి విశాఖ కోర్టుకు వాయిదాకు రావడమే ఒక రోజు కూలి, బస్సు ఖర్చు. జామీన్లు దొరకవు.

అదే 9 గ్రాముల ఎండీఎంఏ అమ్ముతూ దొరికినవాడి కేసు చూడండి. అతను మధ్య మెట్టులో ఉన్నాడు. 37వ సెక్షన్‌లోని ఆ రెండు షరతులూ అతనికి వర్తించవు. కనీస శిక్ష లేదు. అతను ఆరు నెలలుగా వ్యాపారం చేస్తున్నా, కస్టమర్ల జాబితా ఫోన్లో ఉన్నా మెట్టు మారదు. కారు నడిపినందుకు కిరాయి తీసుకున్న 22 కిలోల కుర్రాడు మాత్రం పై మెట్టులోనే. తూకంతో శిక్షను ముడిపెట్టడంలోని అసలు లోపం ఇదే. తూకం వ్యాపారం పరిమాణాన్ని చెబుతుంది. ఆ వ్యాపారంలో మనిషి స్థానాన్ని చెప్పదు.

స్థానాన్ని చూసే ఒక్క సెక్షన్ ఉంది, 32బి. ఆయుధం వాడాడా, ప్రభుత్వ పదవిని వాడుకున్నాడా, మైనర్లను దింపాడా, బడి కాలేజీ దగ్గర చేశాడా, ముఠాలో ఉన్నాడా అన్నవి చూసి కనీసం కంటే ఎక్కువ శిక్ష వేయవచ్చు. ఇవన్నీ శిక్షను పెంచడానికే. కనీసం కంటే తగ్గించే కారణాల జాబితా చట్టంలో లేదు. మంచి నడవడిక మీద వదిలేసే ప్రొబేషన్ కూడా 18 ఏళ్లు నిండినవారికి వాడకం కేసు లాంటి ఒకటి రెండు సెక్షన్లలో తప్ప లేదు. రెండోసారి నేరం రుజువైతే శిక్ష ఒకటిన్నర రెట్లవుతుంది. హెరాయిన్ కిలో, కొకైన్ అర కిలో లాంటి పెద్ద పరిమాణాల్లో రెండోసారి దొరికితే మరణశిక్ష కూడా చట్టంలో ఉంది. 2014 సవరణ తర్వాత అది తప్పనిసరి కాదు, కోర్టు విచక్షణ.

టెక్సాస్‌లో అదే 22 కిలోలు

అమెరికాలో కథ వేరు. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత డ్రగ్స్ చట్టం ఉంది, పైన ఫెడరల్ చట్టం ఇంకొకటి. డల్లాస్ చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో తెలుగువాళ్లు ఉంటారు కాబట్టి టెక్సాస్‌నే తీసుకుందాం. 22 కిలోలంటే సుమారు 48 పౌండ్లు. టెక్సాస్ చట్టంలో అంత గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు 2 నుంచి 10 ఏళ్లు. అంతే సరుకు ఇతరులకు చేరవేసినట్టు రుజువైతే 2 నుంచి 20 ఏళ్లు. ఉంచుకోవడం, అమ్మడం వేర్వేరు నేరాలు. అమ్మకాన్ని ప్రాసిక్యూషన్ విడిగా రుజువు చేయాలి. మన చట్టంలో ఆ బాధ్యతే లేదు. దొరికితే చాలు.

అయితే టెక్సాస్ చిన్న మొత్తాలకు మెతక కాదు. రెండు ఔన్సుల లోపు గంజాయి దగ్గర ఉన్నా 180 రోజుల వరకు జైలు శిక్ష పడొచ్చు. అదే కొలరాడోలో 2014 జనవరి నుంచి 21 ఏళ్లు నిండినవారికి లైసెన్సు దుకాణంలో అమ్ముతారు. విద్యార్థి వీసా మీద ఉన్న తెలుగు పిల్లలు మోసపోయేది ఇక్కడే. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టంలో గంజాయి నిషిద్ధమే. వీసాను చూసేది ఫెడరల్ చట్టం. డ్రగ్స్ కేసులో శిక్ష పడిన విదేశీయుణ్ని వెనక్కి పంపవచ్చు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఉంచుకున్న ఒకే ఒక్క కేసుకు మాత్రం ఇందులో మినహాయింపు ఉంది. అమ్మకానికి ఏ మినహాయింపూ లేదు.

తూకంతో కనీస శిక్షను కట్టేసే పద్ధతి అమెరికాలోనూ ఉంది. న్యూయార్క్ 1973లో తెచ్చిన చట్టాల కింద రెండు ఔన్సుల హెరాయిన్ అమ్మితే 15 ఏళ్ల నుంచి యావజ్జీవం. 2004లో, 2009లో వాటిని సడలించి చాలా కేసుల్లో జడ్జికి విచక్షణ తిరిగి ఇచ్చారు, చికిత్సకు పంపే దారి తెరిచారు. మన దగ్గర 2001 తర్వాత ఆ దిశగా పెద్ద అడుగు పడలేదు.

రాష్ట్రం చేతిలోని పీడీ యాక్ట్

మాదకద్రవ్యాల విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉన్న సొంత చట్టం 1986 నాటిది. సారా వ్యాపారులు, బందిపోట్లు, డ్రగ్ నేరస్థులు, గూండాలు, భూకబ్జాదారుల లాంటి వారి ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం. అందరూ పీడీ యాక్ట్ అంటారు. కలెక్టరో, పోలీసు కమిషనరో ఆర్డర్ ఇస్తే మనిషిని విచారణ లేకుండా 12 నెలల వరకు నిర్బంధించవచ్చు. ఆ ఆర్డర్‌ను 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. మూడు నెలలు మించి ఉంచాలంటే సలహా మండలి ఒప్పుకోవాలి. మత్తుమందుల అక్రమ రవాణాకు ప్రత్యేకంగా 1988 నాటి కేంద్ర నిర్బంధ చట్టం కూడా ఉంది. దాన్ని రాష్ట్రాలూ వాడతాయి.

ఇది శిక్ష కాదు. నేరం రుజువు కాదు. పాత కేసుల్లో బెయిల్ మీద ఉన్నవాడు మళ్లీ అదే పని చేస్తాడనే అంచనా మీద ముందుగా లోపల పెట్టడం. బెయిల్ వచ్చిన నాడే పీడీ ఆర్డర్ చేతికివ్వడం మన దగ్గర అలవాటైంది. తెలంగాణ ఈ చట్టాన్ని అతిగా వాడుతోందని 2022 నుంచి 2024 మధ్య సుప్రీంకోర్టు పలుమార్లు తప్పుపట్టింది. శాంతిభద్రతల సమస్యకూ, ప్రజా జీవనమే కుదేలయ్యే పరిస్థితికీ తేడా చూడాలనీ, మామూలు చట్టం సరిపోయే చోట దీన్ని వాడరాదనీ చెప్పింది. గట్టి చార్జిషీట్ పెట్టి, బెయిల్ రద్దు కోరడానికి కష్టపడాలి. పీడీ ఆర్డర్‌కు ఆ కష్టం అక్కర్లేదు. అందుకే అది ఆకర్షిస్తుంది.

పండించేవాడు, పెట్టుబడి పెట్టేవాడు

అల్లూరి సీతారామరాజు జిల్లా, ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ కలిసే సరిహద్దు కొండల్లో గంజాయి సాగు దశాబ్దాలుగా ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో తోటలు నరికించారు. పోలీసు లెక్క ప్రకారం 7 వేల ఎకరాలకు పైగా. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. మొక్క పెంచినందుకు పదేళ్ల వరకు జైలు. దీనికి తూకం లేదు, కనీస శిక్ష లేదు. తన భూమిలో ఇతరులు వేసినా తెలిసి చెప్పకపోతే భూమి యజమానిది తప్పే. సర్పంచ్ సహా గ్రామ అధికారులు కూడా వెంటనే సమాచారం ఇవ్వాలని 47వ సెక్షన్ చెబుతుంది. సాయం చేసిన అధికారికి 59వ సెక్షన్ కింద పదేళ్ల నుంచి 20 ఏళ్లు.

పెట్టుబడి పెట్టేవాడికీ చట్టంలో సెక్షన్ ఉంది. 27ఎ. అక్రమ రవాణాకు డబ్బు పెట్టినా, అందులో ఉన్నవాణ్ని దాచినా పదేళ్ల నుంచి 20 ఏళ్లు. అతని చేతికి సరుకు అంటనక్కర్లేదు. ఎంత కీలకమైన సెక్షనో చూడండి, ఇదే ఏడేళ్లు ఖాళీగా ఉంది. 2014 సవరణలో నిర్వచనాల వరుస సంఖ్యలు మారాయి, 27ఎలో మాత్రం పాత సంఖ్యే మిగిలిపోయింది. అంటే ఆ సెక్షన్ చూపించే నిర్వచనం వేరే విషయానిది. 2021లో త్రిపుర హైకోర్టు దీన్ని ఎత్తిచూపాక ఆర్డినెన్స్, ఆ తర్వాత డిసెంబరులో సవరణ చట్టం వచ్చాయి. మోసేవాడి సెక్షన్‌లో ఇలాంటి తప్పు ఏడేళ్లు కనబడకుండా ఉండేదా అన్నది ఆలోచించాల్సిన విషయం. రోజూ వాడే సెక్షన్‌లో తప్పు మర్నాడే దొరుకుతుంది.

డ్రగ్స్ డబ్బుతో కొన్న ఆస్తుల్ని స్తంభింపజేసి జప్తు చేసే అధికారం 5ఎ అధ్యాయంలో ఉంది. బంధువుల పేరు మీద ఉన్నా వదలదు. పట్టుబడ్డ చిన్నవాడు మొత్తం నిజం చెబితే కేసు నుంచి రక్షణ ఇచ్చే అధికారం 64వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికీ ఉంది. కింది నుంచి పైకి ఎక్కడానికి చట్టం ఇచ్చిన నిచ్చెన ఇది. పట్టివేతల లెక్కల్లో కిలోలు కనిపిస్తాయి గానీ ఇది పెద్దగా చర్చకే రాదు.

అలవాటుపడ్డవాడికి ఉన్న దారి

మత్తుమందును స్వయంగా తీసుకున్నందుకు మాత్రం విడి సెక్షన్ ఉంది, శిక్ష వేరు. హెరాయిన్, కొకైన్ లాంటివైతే ఏడాది వరకు, గంజాయి లాంటివైతే ఆరు నెలల వరకు, లేదా జరిమానా. 64ఎ సెక్షన్ కింద, వాడకం కేసులోనో స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్స పూర్తిచేస్తే అతని మీద కేసు నడపరు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. తల్లిదండ్రులకు ఈ విషయం చాలా మందికి తెలియదు. పిల్లాడి పేరు బయటపడుతుందనే టెన్షన్‌తో దాచిపెడతారు. వాడేవాడే డబ్బుల కోసం స్నేహితులకు పొట్లాలు ఇవ్వడం మొదలుపెడతాడు. అప్పుడు అది వాడకం కేసుగా మిగలదు. చికిత్స సలహాకు 14446, సమాచారం ఇవ్వడానికి జాతీయ స్థాయిలో 1933, ఆంధ్రప్రదేశ్ ఈగల్‌కు 1972 నంబర్లు ఉన్నాయి.

ఇల్లు అద్దెకిచ్చినవారికి, బండి ఇచ్చినవారికి కూడా ఒక మాట. తెలిసి ఇస్తే 25వ సెక్షన్ కింద సరుకుతో దొరికినవాడితో సమానమైన శిక్ష. తెలియకుండా జరిగితే ఇంటి యజమాని మీద నేరం నిలవదు గానీ, బండి మాత్రం జప్తు అవుతుంది. తనకు తెలియదనీ, తగిన జాగ్రత్తలు తీసుకున్నాననీ చూపించి దాన్ని తెచ్చుకోవాల్సింది యజమానే.

ఆ 22 కిలోల కారు దగ్గరికి మళ్లీ వద్దాం. చార్జిషీట్‌లో కారు నడిపినవాడు ఎ1, పక్క సీటు కుర్రాడు ఎ2. బైకు మీద పైలటింగ్ చేసినవాడు ఎ3. సరుకు తెప్పించుకున్న వేరే రాష్ట్రం మనిషి ఎ4, పూర్తి పేరు లేదు, ఫోన్ నంబరు ఉంది, అది స్విచాఫ్‌లో ఉంది. ఎ3, ఎ4 పరారీలో ఉన్నారు కాబట్టి వాళ్ల కేసును విడదీసి, వేరే నంబరు ఇచ్చి, పక్కన పెడతారు. ఎ1, ఎ2ల విచారణ మొదలవుతుంది. వీఆర్వో సాక్ష్యం చెబుతాడు, ల్యాబ్ రిపోర్టు వస్తుంది, కాటా లెక్క సరిపోతుంది. విడదీసిన ఆ రెండో కేసు ఫైలులో ప్రతి వాయిదాకూ ఒకటే మాట రాస్తారు: ‘వారెంట్ పెండింగ్’.